అర అంగుళం పల్లం

మాస్టర్ ఎడమ భుజం కుడి భుజం కంటే అర అంగుళం పల్లం. ఈ సంగతి ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి మాస్టర్ కాదు.

ఆ మనిషి ఇప్పుడు పైకప్పు లేని బస్సులో అతని పక్కన కూర్చుని, చలికి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, పరాయి ఊరి మనుషుల వీపులు చూస్తోంది. కుడివైపు గడియార స్తంభం చూడమని మైకులో చెప్పారు. అందరి తలలూ అటు తిరిగాయి. ఆమె మాత్రం ముందు సీట్లో పెద్దమనిషి కోటు చూస్తోంది. చంక దగ్గర లోతు ఎక్కువ తీశారు. ఆయన ఫొటో తీయడానికి చెయ్యి ఎత్తినప్పుడల్లా కోటంతా పైకి లేచి వస్తోంది. మంచి గుడ్డ. పాడు చేశారు.

"అటు చూడవే, గడియారం," అన్నాడు మాస్టర్.

చూసింది. గడియారం బాగానే ఉంది.

ఆమే, ఆమె భర్త మాస్టరూ కలిసి ఈ ఊరికి వచ్చి అది రెండో రోజు. కుట్టుమిషన్ల కంపెనీ ఒకటి దర్జీలకు పోటీ పెట్టింది. ఎవరి కోటు నెగ్గితే వారికీ, వారి జంటకీ ఏడు రోజుల విదేశీ యాత్ర. హోటలు గది, ఊరు చూపించే బస్సు, సాయంత్రం హోటలు ఎదురుగా ఉన్న పబ్బులో చెరో గ్లాసు. ఏడో రోజు కంపెనీ షోరూములో చిన్న సభ. ఆమె మనసు ఈ ఊళ్లో దేనిమీదా లేదు, ఆ సభ మీదే ఉంది. వాళ్ల ఊళ్లో కంపెనీ పెట్టబోయే శిక్షణ కేంద్రానికి కటింగ్ టీచరు ఎవరో ఆ రోజు చదువుతారు. ఎవరో ఏమిటి, కోటు కత్తిరించిన మనిషే. అది పోటీ కాగితంలోనే రాసి ఉంది.

నెగ్గింది బూడిదరంగు కోటు. ఇప్పుడు మాస్టర్ ఒంటి మీద ఉన్నది అదే. గుడ్డ ఎంచడం దగ్గర్నుంచి సుద్దగీత, కత్తిరింపు, లోపల కాన్వాసు, కచ్చాకుట్టు, కాజాలు వరకు పదకొండు రోజులు ఆమె చేతిలో ఉంది. దుకాణంలో పని ఎప్పుడూ అలాగే. మాస్టర్ ముందు నిలబడి, మెడలో టేపుతో, కొలతలు కేకేస్తాడు. ప్రతి కొలత చివరా "రాసుకో" అంటాడు. చెక్క తెర వెనక ఆమె రాసుకుంటుంది. కత్తెర తెర వెనకే ఉంటుంది. కొత్తలో ఎవరైనా కత్తిరించేది ఎవరని అడిగితే "మాస్టర్ లోపల ఉన్నాడు" అనేవాడు. ఉన్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. ఆ లోపలి మాస్టర్ ఎప్పుడు బయటికొచ్చి ఈయన ఒంట్లో దూరాడో ఆమె గమనించలేదు.

పోటీ ఫారం నింపింది అతనే. ఇద్దరి పేర్లూ రాస్తాలే అన్నాడు.

బస్సు దిగి నడుస్తుంటే చౌరస్తాలో గుర్రం మీద రాతి సేనాపతి కనిపించాడు. జనం గుర్రం కాళ్ల దగ్గర నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఆమె మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూసి, ఫక్కున నవ్వింది.

"ఏంటే?"

"గుండీలు చూడండి. కుడి అంచు పైకి వచ్చింది. పాపం, ఆయనకి ఆడవాళ్ల కోటు తొడిగారు."

మాస్టర్ పైకి చూశాడు. తన కోటు చూసుకున్నాడు. మళ్లీ పైకి చూశాడు. అవునే అన్నాడు. అంతే, గుర్రం తోక పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి పబ్బు. నల్లబడిన చెక్క గోడలు, ఇత్తడి కుళాయిలు, మోచేతులు ఆనీ ఆనీ నున్నబడిన పొడవాటి బల్ల. కౌంటరు వెనక లావుపాటి ఆవిడ, వచ్చినవాళ్లందరినీ తన పిల్లల్లా గదమాయిస్తోంది. మాస్టర్‌కి బీరు, ఆమెకి నారింజరసం. చివరి స్టూలు మీద ఒక ముసలాయన రోజూ ఉంటాడు కాబోలు, ఆయన గ్లాసు అడక్కుండానే వచ్చింది. ఆయనకు రెండు కళ్లజోళ్లు. ఒకటి ముక్కు మీద, ఒకటి నుదుటి మీద. ప్యాంటు మోకాలికి తెల్ల దారప్పోగు ఒకటి అంటుకుని ఉంది. దర్జీ, అనుకుంది ఆమె. ఎవరూ చెప్పక్కర్లేదు.

మాస్టర్‌కి అరగ్లాసు దిగేసరికి ఇంగ్లీషు వచ్చింది. పక్క బల్లవాళ్ల వైపు తిరిగి, చేతులు ఊపుతూ మొదలుపెట్టాడు. "ఐ సీ. హార్స్ మ్యాన్. బటన్ రాంగ్ సైడ్. లేడీస్ కోట్."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత బల్లంతా ఘొల్లుమంది. పుట్టిన ఊళ్లో, రోజూ దాని కిందనుంచి నడిచే తమకు ఇన్నేళ్లూ కనపడలేదని ఒకాయన నెత్తి కొట్టుకున్నాడు. లావుపాటి ఆవిడ కౌంటరు మీద అరచేత్తో చరిచింది. ఎవరో మాస్టర్‌కి ఇంకో గ్లాసు తెప్పించారు. అతను గుండె మీద చెయ్యి వేసుకుని, ఐ యామ్ కటింగ్ మాస్టర్, అన్నాడు.

ఆమె నారింజరసం పట్టుకుని ఎదురుచూసింది. ఒక్క వేలు తన వైపు చూపిస్తాడేమోనని. చూపించలేదు. మీసానికి అంటిన నురగ తుడుచుకున్నాడు. ఆ జోకు ఆమె నోట్లోంచి వచ్చి మూడు గంటలు. ఇంకా చల్లారను కూడా లేదు.

నాలుగో రోజు మ్యూజియం. కిరీటాలు, కత్తులు, పల్లకీ లాంటి బండ్లు ఆమె కళ్లముందు నుంచి జరిగిపోయాయి. ఒక గదిలో మాత్రం కాళ్లు ఆగాయి. అద్దాల పెట్టెలో పాతకాలం కోటు. లోపలి పని కనిపించేలా సగం తిరగేసి పెట్టారు. ఆమె నేల మీద మోకాళ్లు ఆన్చి, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగింది. కాన్వాసు మీద కుట్లు వరిగింజల్లా ఒకే వాటంలో పడ్డాయి. కాలరు దగ్గరికి వచ్చేసరికి దగ్గర దగ్గరగా వేశాడు, లోపలికి తిరగాలని. ఎవరో గానీ చేయి తిరిగినవాడు. చేయి తిరిగినదో.

పక్కన పలక ఉంది. కూడబలుక్కుంటూ చదివింది. కోటు వేసుకున్నది రాజుగారి తమ్ముడు. ఏ యుద్ధం, ఏ గుర్రం, గుండు ఎక్కడ తగిలింది, అన్నీ ఉన్నాయి. కత్తిరించినవాళ్ల ఊసు లేదు. పైనుంచి కిందికి రెండోసారి చదివింది. లేదు.

పోయినవాడి కోటుకి ఇంతసేపా, ఐదవుతోంది, పబ్బులో మనవాళ్లు చూస్తుంటారు అని మాస్టర్ విసుక్కున్నాడు. మనవాళ్లు అంటే పబ్బువాళ్లు. నాలుగు రోజుల్లో అంత చుట్టరికం కలిసింది.

ఆ సాయంత్రం రెండు కళ్లజోళ్ల ముసలాయన తన గ్లాసు పట్టుకుని వాళ్ల బల్ల దగ్గరికి వచ్చాడు. పక్క వీధిలో తనకు దుకాణం ఉందనీ, యాభై రెండేళ్లుగా కోట్లే కుడుతున్నాననీ నెమ్మదిగా, వాళ్లకు అర్థమయ్యే చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. కోటు చూడవచ్చా అని చేత్తో అడిగాడు. మాస్టర్ ఛాతీ విరిచాడు.

ముసలాయన నుదుటి మీది కళ్లజోడు ముక్కు మీదికీ, ముక్కు మీదిది నుదుటి మీదికీ మార్చాడు. ఛాతీ మీది మడతను బొటనవేలితో నొక్కి వదిలాడు. అది మెల్లగా లేచి తన చోటికి తాను వెళ్లి పడుకుంది. ఆయన పెదవి కొసన చిన్న కదలిక. ముంజేతి అంచు తిరగేశాడు, కాజా వెనకవైపు చూశాడు. తర్వాత మాస్టర్ వెనక్కి వెళ్లి రెండు భుజాల మీద రెండు చేతులు వేశాడు. కుడి చెయ్యి జారి వచ్చేసింది. ఎడమ చెయ్యి ఆగింది. బొటనవేలితో ఒకసారి నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

దొరికింది ఆయనకు. లైనింగు కింద, భుజానికి పెట్టే మామూలు ప్యాడ్ మీద, పల్లం కనపడకుండా ఆమె పెట్టిన ఇంకొకటి, అరచేతిలో సగమంత. ఇరవై ఏళ్లలో అలాంటిదాన్ని ఇంకొకరి వేలు తాకడం ఇదే మొదటిసారి.

ముసలాయన ముందుకు వచ్చి మాస్టర్‌కి కరచాలనం చేశాడు. ఆ చేతిని వెంటనే వదల్లేదు. వెల్లకిలా తిప్పి చూశాడు. మెత్తటి చెయ్యి. ఆయన చూపు బల్ల మీదుగా జారి, నారింజరసం గ్లాసు చుట్టూ ఉన్న చేతి మీద ఆగింది. ఆ చేతి బొటనవేలి మొదట్లో కత్తెర పిడి రాసుకుని చింతగింజంత నల్లటి కాయ ఉంది.

ఎవరు కత్తిరించారు అని అడిగాడు. ప్రశ్న మాస్టర్‌ని అడిగాడు గానీ వేలు ఇద్దరి మధ్యా ఊగింది.

"మీ," అన్నాడు మాస్టర్. "ఐ కట్. షీ ఓన్లీ బటన్స్."

ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ రెండు మాటలకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత మెడ. తర్వాత గ్లాసు పట్టుకున్న వేళ్లు. గుండీలు కుట్టడం చిన్న పని కాదు, దానికీ లెక్కుంది, కింద దారం కాడ వదలాలి, గుడ్డ మందాన్ని బట్టి చుట్లు వేయాలి. కోపం దానికి కాదు. ఆ 'ఓన్లీ' అనే మాటను అతను ఎంత తేలిగ్గా అన్నాడంటే, ముందే తయారుగా పెట్టుకున్నట్టుంది. అనడం ఇదే మొదటిసారి కాదన్నమాట. తెర అవతల ఎన్నిసార్లు అని ఉంటాడో.

ముసలాయన తన గ్లాసు చేతికి తీసుకున్నాడు. స్టూలు దగ్గరికి వెళ్లబోతూ ఆమె పక్కన ఒక్క క్షణం ఆగి, తన కుడిచేతి బొటనవేలు చూపించాడు. దాని మొదట్లో అదే చోట అదే కాయ.

ఆరో రోజు ఇనుప వంతెన. కింద పడవలు, పైన గాలి. మాస్టర్ కటకటాలకు ఆనుకుని పడవల ఫొటోలు తీస్తున్నాడు. ఆమె రెండు రాత్రులు నోట్లో నానబెట్టిన ప్రశ్న అప్పుడు అడిగింది.

"ఫారంలో నా పేరు రాశారా?"

అతను ఫోను దించలేదు. "ఒక్క గడే ఉందే అందులో."

"ఒక్క గడిలో రెండు పేర్లు పట్టవా?"

"అది కాదే. మగవాళ్ల కోటు ఆడమనిషి కత్తిరించిందంటే ఏమనుకుంటారు?"

"నన్నేమీ అనుకోరు. బాగా కత్తిరించింది అనుకుంటారు."

"మరి నన్ను?"

అని, అన్నాక, తనే కాస్త కంగారుపడ్డాడు. పడవ ఒకటి కింద నుంచి కూత వేసుకుంటూ పోయింది. తర్వాత అతను గొంతు మార్చి నచ్చజెప్పడం మొదలుపెట్టాడు. మనిద్దరిదీ ఒకటే కదా, నీది నాది అని ఎప్పుడైనా అనుకున్నామా, నేను పైకొస్తే నువ్వు రానట్టా.

"అయితే రేపు టీచరు అని మీ పేరే చదువుతారు."

"చదివితే ఏం? ముందురోజు నువ్వు నాకు చెప్పు. మర్నాడు నేను వాళ్లకి చెప్తా. కావాలంటే నీకు పక్కగది ఇమ్మని అడుగుతా."

"తెర కూడా వేయిస్తారా?"

"వేయిద్దాంలే," అన్నాడు మాస్టర్. ఎగతాళి అతనికి అందలేదు. సమస్య తీరిపోయినట్టు నిట్టూర్చి, ఫోను ఆమె చేతికిచ్చి, వంతెన కనపడేలా ఒకటి తీయమన్నాడు. ఆమె తీసింది. తెరమీద అతను నిటారుగా, రెండు భుజాలూ ఒక్క గీత మీద, చూడముచ్చటగా ఉన్నాడు. ఇరవై ఏళ్ల ఫొటోలన్నిట్లోనూ అంతే. పెళ్లయిన ఏడాది ఫొటో చూసుకుని, నేనేంటి ఇలా ఒరిగిపోయి ఉన్నాను అని అతను మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ వారమే ఆమె మొదటి ప్యాడ్ చేసింది. కెమెరావాడి తప్పని చెప్పింది. అప్పట్నుంచీ అతని చొక్కాలకు కూడా ఎడమ భుజం వేరేగానే కత్తిరిస్తుంది.

ఆ సాయంత్రం తలనొప్పి అని చెప్పి ఆమె పబ్బులోకి వెళ్లలేదు. ఎదురుగా హోటలు మెట్ల మీద కూర్చుంది. కిటికీ అద్దంలోంచి మాస్టర్ కనిపిస్తున్నాడు. కొత్త మనుషులు ఎవరో చుట్టూ ఉన్నారు. మాట వినపడదు గానీ, చేతులు చూస్తే చాలు, ఏ మాట దగ్గరున్నాడో తెలిసిపోతోంది. హార్స్ మ్యాన్. బటన్. లేడీస్ కోట్. నవ్వులు. ఇది నాలుగోసారి. ఇప్పుడతను గుర్రం మీద కూర్చున్నట్టు అభినయం కూడా కలిపాడు.

ఆమె మెట్ల మీద నుంచి లేచి గదికి వెళ్లి, పెట్టె అడుగున సూదుల డబ్బా ఉందో లేదో చూసుకుంది.

ఏడో రోజు ఉదయం మాస్టర్ స్నానానికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు, దాంతోపాటు కూనిరాగం. కోటు కుర్చీకి తగిలించి ఉంది. ఆమె దాన్ని ఒళ్లో పరుచుకుని, ఎడమ భుజం దగ్గర లైనింగు కుట్టును బ్లేడు మొనతో ఒక్కొక్కటీ తెంపింది. నాలుగు అంగుళాలు. రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, ప్యాడ్‌ను పట్టి ఉంచిన మూడు టాకాలు కోసింది. అది బయటికి వచ్చింది. మూడు పొరల కాన్వాసు, మధ్యలో పలచగా పత్తి, అంచులు వేలితో రాసి రాసి తీగలా సన్నం చేసినవి. అతని భుజం వంపు దానికి వచ్చేసింది. అరచేతిలో పెట్టుకుంటే చిన్న పక్షి బరువు కూడా లేదు.

ఒక నిమిషం అలాగే కూర్చుంది. ఇంకా వెనక్కి పెట్టేయవచ్చు. లోపల కూనిరాగం ఆగింది.

"ఏమే, ఇస్త్రీ అయిందా?" కేక.

ఆమె సూదిలో దారం ఎక్కించింది. లైనింగును మళ్లీ ఏడు నిమిషాల్లో మూసింది, భూతద్దం పెట్టినా కనపడని కుట్టుతో. చెడగొట్టేటప్పుడు కూడా చెత్తగా చేయడం ఆమెకు చేతకాదు. ప్యాడ్‌ను చేతిసంచిలో వేసుకుంది.

షోరూములో ఇరవై కుర్చీలు, ఒక కెమెరా, మధ్యలో నిలువెత్తు మూడు అద్దాలు, పక్కన కటింగ్ బల్ల. బల్ల మీద టేపు, సుద్ద, కత్తెర, కాగితం, పెన్సిలు అలంకారానికి పెట్టారు. కంపెనీ పెద్దాయన వాళ్ల భాషలో మాట్లాడుతుంటే, మన భాష తెలిసిన కంపెనీ అమ్మాయి పక్కనే నిలబడి వీళ్లకు చెబుతోంది. రెండో వరసలో రెండు కళ్లజోళ్ల ముసలాయన ఉన్నాడు. ఆ వీధి దర్జీలందరినీ పిలిచారట.

మాస్టర్‌ని అద్దాల ముందుకు పిలిచారు. నవ్వుతూ వెళ్లాడు. మూడు అద్దాల్లో ముగ్గురు మాస్టర్లు నిలబడ్డారు. ముగ్గురూ ఎడమవైపు ఒరిగిపోయారు.

నవ్వు మెల్లగా ఆగింది. కాలరు మెడకు ఎడంగా నోరు తెరుచుకుని ఉంది. మెడ దగ్గర మొదలైన ముడత ఒకటి ఏటవాలుగా చంకలోకి జారింది. అతను కోటు కిందికి లాగాడు. వదిలితే మళ్లీ వచ్చింది. గుండీ విప్పి పెట్టుకున్నాడు. భుజాలు ఎగరేశాడు. కుర్చీల్లో దర్జీలు ఒకరినొకరు చూసుకున్నారు. ఇంకెవరైనా అయితే గమనించకపోదురు. వచ్చినవాళ్లందరూ ఆ పనివాళ్లే.

పెద్దాయన మర్యాదస్తుడు. నవ్వి ఏదో అన్నాడు. కంపెనీ అమ్మాయి చెప్పింది, "ఇదే మొదటి పాఠం అనుకుందాం మాస్టారూ. ఆ ముడత ఎందుకొచ్చింది, ఎలా తీస్తారు, అందరికీ చూపించమంటున్నారు."

మాస్టర్ టేపు తీసుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియక మెడలో వేసుకున్నాడు. హోటలు హేంగరు మంచిది కాదన్నాడు. ఇక్కడి చలికి గుడ్డ బిగిసిందన్నాడు. చివరికి, మా ఆవిడ పెట్టెలో కుక్కి తెచ్చింది, ఆమెకి మడత పెట్టడం రాదు, అన్నాడు. అమ్మాయి తిప్పి చెప్పింది. ముందువరసలో ఎవరో మొహమాటానికి నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

నుదుటి మీద చెమట మెరుస్తుండగా మాస్టర్ భార్య వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"ఏమే, ఏమైంది దీనికి?"

ఆమె మొదటి వరసలో, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అందరికీ వినపడేలా, నెమ్మదిగా చెప్పింది.

"గుండీల సంగతైతే చెబుదునండీ. ఓన్లీ బటన్స్."

అమ్మాయి తిప్పి చెప్పలేదు. అవసరం లేకపోయింది. ఆ రెండు మాటలూ ఆ గదిలో ప్రతివాడికీ తెలుసు. రెండో వరసలో ముసలాయన నుదుటి కళ్లజోడు తీసి ముక్కు మీద పెట్టుకున్నాడు.

"పరువు పోతోందే," అన్నాడు మాస్టర్, ఇంకా చిన్న గొంతుతో.

"ఎవరిదండీ?"

కంపెనీ పెద్దాయన భార్యాభర్తలను మార్చి మార్చి చూసి, అమ్మాయి చెవిలో ఏదో అడిగాడు. అమ్మాయి తటపటాయించింది. "కోటు కత్తిరించిన మాస్టర్ ఎవరని అడుగుతున్నారు."

మాస్టర్ నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ చూపు వెనక్కి పోయింది, లోపలి మనిషిని చూపించబోయినట్టు. అక్కడ చెక్క తెర లేదు. మూడు అద్దాలున్నాయి. మూడింట్లోనూ ఒరిగిపోయిన మనిషే ఉన్నాడు. అతని నోరు మెల్లగా మూసుకుంది. అప్పుడు అతను ఒక పని చేశాడు. కటింగ్ బల్లకు, ఆమె కుర్చీకి మధ్య నిలబడి ఉన్నవాడు, రెండడుగులు పక్కకు తప్పుకున్నాడు.

ఆమె లేచింది. చేతిసంచిలోంచి ప్యాడ్ తీసి బల్ల మీద పెట్టింది. అతను దాన్ని చూశాడు. అదేమిటో అర్థం కాలేదు. ఆమె అతని మెడలోంచి టేపు లాగి, కోటు విప్పమంది. విప్పాడు. చొక్కా మీద, మెడ ఎముక దగ్గర ఒక వేలు ఆన్చి, టేపు భుజం చివరిదాకా పరిచింది. కాగితం, పెన్సిలు అతని ముందుకు తోసింది.

"రాసుకోండి."

అతను ఎవరితో అంటోందా అని చూశాడు. తర్వాత పెన్సిలు తీసుకున్నాడు.

"ఎడమ భుజం," అంది ఆమె, దుకాణంలో అతను పెట్టే కేకంత గట్టిగా. "అర అంగుళం పల్లం."

పెన్సిలు ఆగింది. "నాదా?"

"ఇరవై ఏళ్లుగా."

అతను బల్ల మీది ప్యాడ్‌ను మళ్లీ చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. చెయ్యి తెలియకుండానే ఎడమ భుజం మీదికి పోయి, అక్కడ ఏదో వెతికి, కిందికి దిగింది. వంగి రాశాడు.

కంపెనీ అమ్మాయి ప్రకటన కాగితం పట్టుకుని ఆమె పక్కకు వచ్చి నిలబడింది. ఒక పేరు మీద గీత అప్పటికే పడింది.

"మేడం, మీ పేరు ఎలా రాయాలి?"

"ఉండమ్మా," అంది ఆమె, టేపు అతని వీపు మీదికి జరుపుతూ. "ముందు ఈయన కొలతలు అవనీ."